వార్త మన గడప దాకా ఎలా వస్తుంది? ప్రసార మాధ్యమాలు, మన భివండి తెలుగు ఇళ్లు



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో మన సంఘం వాట్సాప్ గ్రూపు గురించి ఒక తీర్మానం చేశాం. ఎవరు చెప్పారో, ఎప్పటిదో, ఎక్కడిదో తెలియని సమాచారాన్ని గ్రూపులో పెట్టకూడదని, పెడితే తీసేస్తామని ఆ తీర్మానం సారాంశం. చాలామంది సరేనన్నారు. కొందరు పెద్దలు మాత్రం నొచ్చుకున్నారు. ఒక పెద్దాయన ఫోను చేసి, "నలుగురికీ పనికొచ్చే మాట చెప్పడం కూడా తప్పేనా? సంఘం పెట్టుకున్నది మా నోరు కట్టేయడానికా?" అని అడిగారు.

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. కారణం చెప్పకుండా నియమం పెడితే ఎవరికైనా కోపం వస్తుంది. అందుకని అసలు ప్రసార మాధ్యమం అంటే ఏమిటి, అది మనుషుల మీద, సమాజం మీద ఎలా పనిచేస్తుంది, మన ఊరికీ దానికీ ఏమిటి సంబంధం అన్నది మాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాం. తీర్మానానికి వెనుక మేము చేసిన ఒక తప్పు కూడా ఉంది. దాన్ని ఇన్నేళ్లు సభలో చెప్పలేదు. ఇక్కడ చెబుతాం.

మాధ్యమం అంటే

మాధ్యమం అంటే మధ్యన ఉండేది. చెప్పేవాడికీ వినేవాడికీ నడుమ నిలబడి మాట చేరవేసేది. మన ఇంటి అరుగు మీద ఇద్దరు మాట్లాడుకుంటే మధ్యలో ఏదీ అక్కర్లేదు. అదే మాట ఒకేసారి వేలమందికి, లక్షలమందికి చేరాలంటే కాగితమో, రేడియోనో, తెరో, ఫోనో కావాలి. అలా ఒక చోట నుంచి చాలామందికి ఒకేసారి మాటను చేరవేసే సాధనాలను ప్రసార మాధ్యమాలు, జన మాధ్యమాలు అంటున్నాం. వాడుకలో మాస్ మీడియా.

వీటికి మూడు లక్షణాలున్నాయి. ఒకటి, చెప్పేవాళ్లు కొద్దిమంది, వినేవాళ్లు ఎక్కువమంది. రెండు, చెప్పేవాడు మనకు ముఖపరిచయం లేనివాడు. మూడు, మనం వెంటనే ఎదురు ప్రశ్న వేయలేం. అరుగు మీద మాట్లాడేవాణ్ణి "నీకెవరు చెప్పారు?" అని అడగవచ్చు. టీవీలో కనిపించేవాణ్ణి అడగలేం. ఈ మూడూ గుర్తుంటే తరువాతి సంగతులన్నీ సులభంగా అర్థమవుతాయి.

మాధ్యమాలు చేసే పనులు ముఖ్యంగా నాలుగు. సమాచారం చెప్పడం, విద్య నేర్పడం, వినోదం ఇవ్వడం, అధికారంలో ఉన్నవాళ్ల మీద కన్ను వేసి ఉంచడం. మన రాజ్యాంగంలో పత్రికల పేరు ప్రత్యేకంగా రాసి లేదు. 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలోనే పత్రికా స్వేచ్ఛ ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీకూ మాకూ ఉన్న హక్కే పత్రికకూ ఉంది. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీలో పత్రికల మీద సెన్సారు పెట్టినప్పుడు ఆ హక్కు పోతే ఎలా ఉంటుందో దేశం చూసింది.

పేపరు లేనినాడు

పేపరు రాకముందు మనవాళ్లకు మాధ్యమం లేదనుకుంటే పొరపాటు. ఊళ్లో దండోరా ఉండేది. ఒగ్గు కథ, బుర్రకథ, యక్షగానం ఉండేవి. మన పద్మశాలీల ఇళ్లకు కూనపులివారు వచ్చేవారు. చేర్యాల నకాశీ చిత్రకారులు గీసిన పొడుగాటి గుడ్డ పటం కట్టి, ఒక్కొక్క బొమ్మే చూపిస్తూ మార్కండేయుడి కథ, భావనా ఋషి కథ రాత్రంతా చెప్పేవారు. చదువు రానివాడికి కూడా వంశం కథ, కులవృత్తి గౌరవం, మంచిచెడ్డలు ఆ పటం మీద నుంచే తెలిశాయి. బొమ్మ, మాట, పాట మూడూ కలిసిన ఆ పటాన్ని మన పూర్వుల టీవీ అనుకోవచ్చు.

ఒక తేడా మాత్రం ఉంది. కూనపులి ఎవరి కొడుకో, ఏ ఊరివాడో అందరికీ తెలుసు. వచ్చే ఏడు మళ్లీ అదే గడపకు రావాలి. తప్పు చెబితే ముసలివాళ్లు అక్కడికక్కడే ఆపి సరిదిద్దేవారు. చెప్పినవాడు తన మాటకు జవాబుదారీగా ఉండేవాడు. ఇప్పటి మాధ్యమంలో మనం పోగొట్టుకున్నది ఇదే.

బొంబాయిలో పుట్టిన తెలుగు పత్రిక

మన పిల్లల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తెలుగువాళ్ల పేరుమోసిన ఆంధ్రపత్రిక పుట్టింది మన పక్కనున్న బొంబాయిలోనే. 1893లో ఇక్కడే అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో దాన్ని వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసుకు తరలించి దినపత్రిక చేశారు. సొంత ఊరికి దూరంగా వచ్చి బతుకుతున్న తెలుగువాడికే తెలుగు పత్రిక అవసరం ముందుగా తోచిందన్నమాట. ఈనాడు పరాయి రాష్ట్రంలో భాషా అల్పసంఖ్యాకులుగా ఉన్న మనం ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకొక ఉదాహరణ నిజాం రాజ్యంలోనిది. మన పూర్వులు బయలుదేరి వచ్చిన నేల అది. అక్కడ తెలుగు చదువుకే కరువున్న రోజుల్లో, 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైంది. తెలంగాణలో కవులే లేరని ఎవరో ఆక్షేపిస్తే, ఆయన వాదులాడుతూ కూర్చోలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవుల వివరాలు, పద్యాలు ఉన్నాయి. ఒక జాతి తన ముఖం తాను చూసుకోవడానికి పత్రిక అద్దంలా పనిచేయడం అంటే ఇదే.

సాంచాల చప్పుడులో రేడియో

భివండికి వచ్చిన మొదటి తరాల నేతవాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. కార్ఖానాలో ఉత్తరాలు చదివిపెట్టేవాడు ఒకడుండేవాడు. ఊరి నుంచి వచ్చిన కార్డు అతనే చదవాలి, జవాబు అతనే రాయాలి. ఇంటి గుట్టు మొత్తం అతనికి తెలిసేది. అయినా ఎవరి సంగతీ ఎవరికీ చెప్పేవాడు కాదు. సమాచారం చేతిలో ఉన్నవాడికి ఉండాల్సిన మర్యాద అది.

తరువాత రేడియో వచ్చింది. దినపాళీ, రాత్రిపాళీ సాంచాల చప్పుడులో పక్కవాడి మాట వినపడదు కాని, టీ తాగడానికి బయటికి వచ్చినప్పుడు హోటల్లో వివిధ భారతి పాటలు వినపడేవి. వార్తల వేళకు రేడియో ఉన్న ఇంటి ముందు జనం చేరేవారు. హైదరాబాదు కేంద్రం రాత్రిపూట గరగరమంటూ అందితే పండుగే.

టీవీ సంగతి వేరుగా జరిగింది. బొంబాయి దూరదర్శన్ 1972లో వచ్చింది, హైదరాబాదు కేంద్రం 1977లో వచ్చింది. మనకు అందేది బొంబాయిదే. అందువల్ల మరాఠీ, హిందీ మన ఇళ్లలోకి తెర మీద నుంచే వచ్చాయి. 1987లో రామాయణం వచ్చే ఆదివారం పొద్దున సాంచాలు ఆపి జనం టీవీ ఉన్న ఇళ్లకు పరుగెత్తడం మాకు కళ్లకు కట్టినట్టుంది. తెలుగు వినాలంటే, ఆదివారం మధ్యాహ్నం వచ్చే ప్రాంతీయ భాషా చిత్రాల్లో ఎప్పుడో ఒకసారి తెలుగు వంతు వచ్చేదాకా కాచుకోవాలి.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక పరిస్థితి తిరగబడింది. కేబులు తీగతో తెలుగు ఇరవైనాలుగు గంటలూ ఇంట్లోకి వచ్చింది. ముంబైలో పుట్టిన మన పిల్లలకు తెలుగు మాట నిలబడిందంటే అందులో ఈ ఛానళ్ల పాత్ర ఉంది. కాని అదే తెర చాలాకాలం మన యాసను హాస్యగాడి నోట్లోనో, రౌడీ నోట్లోనో పెట్టి చూపించింది. ఇంట్లో అవ్వ మాట్లాడే మాటను మనవడే వెక్కిరించే పరిస్థితి వచ్చింది. తెలంగాణ ఉద్యమం నాటికి, 2011లో టీ న్యూస్, 2012లో వీ6 వచ్చాయి. వీ6 తీన్మార్ వార్తల్లో తెలంగాణ మాట వార్తల భాషగా వినిపించింది. అప్పుడు మన అవ్వలు నవ్విన నవ్వు వేరు. మాట మారలేదు, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టారన్నది మారింది. మాధ్యమం ప్రభావం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేము ఈ ఒక్క ఉదాహరణే చెబుతాం.

ప్రభావం ఎలా పనిచేస్తుంది?

ప్రభావం మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది, దేని గురించి ఆలోచించాలో మాధ్యమం నిర్ణయిస్తుంది. అమెరికాలో మెకోంబ్స్, షా అనే ఇద్దరు పండితులు 1968 ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే ఊళ్లో ఓటర్లను అడిగి చూశారు. పత్రికలు, టీవీ ఏ విషయాలకు ఎక్కువ చోటు ఇచ్చాయో, ఓటర్లు కూడా ముఖ్యమని అనుకున్నవి దాదాపు అవే. ఆ ఫలితాలు 1972లో ప్రచురించారు. మీరు ఏమనుకోవాలో మాధ్యమం చెప్పలేకపోవచ్చు కాని, దేని గురించి అనుకోవాలో మాత్రం గట్టిగా చెప్పగలదని దాని సారం.

దీన్ని మన ఇంటికి తెచ్చుకుందాం. మన ఇళ్లలో రాత్రి తొమ్మిదింటికి తెలుగు ఛానల్ పెడతాం. హైదరాబాదులో ఏ మంత్రి ఎవరిని ఏమన్నాడో, అక్కడ ఏ చెరువు నిండిందో మనకు తెలుసు. మన వార్డులో నీళ్లు రెండు రోజులకొకసారి ఎందుకు వస్తున్నాయో, మన మహానగరపాలిక పాఠశాలలో తెలుగు గదులకు పంతుళ్లు ఎందరున్నారో తెలియదు. ఓటు ఇక్కడ, చెవి అక్కడ. తెలుగు ఛానల్‌కు భివండి గుర్తొచ్చేది పెద్ద ప్రమాదం జరిగినప్పుడే. 2020 సెప్టెంబరు 21న పటేల్ కాంపౌండులో జిలానీ భవనం కూలినప్పుడు అన్ని ఛానళ్లూ మన ఊరి పేరు చెప్పాయి. కూలడానికి ముందు మన ఊళ్లో శిథిలమైన ఇళ్లు ఎన్ని ఉన్నాయన్నది ఎవరికీ వార్త కాలేదు. తప్పు వాళ్లదే అనలేం. వాళ్ల ప్రేక్షకులు ఎక్కువమంది అక్కడే ఉన్నారు. మన వార్త మనం చెప్పుకోకపోవడం మాత్రం మన తప్పే.

రెండవది, ఏది మామూలో మాధ్యమం నేర్పుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. సీరియల్లో, ప్రకటనలో రోజూ చూసినది కొన్నాళ్లకు లోకరీతి అనిపిస్తుంది. మన పెళ్లిళ్లు చూడండి. వెనుక మన ఇంటి ముందు పందిట్లో అయ్యేవి. ఇప్పుడు సంగీత్, మెహందీ లేకపోతే పిల్ల తండ్రికి చిన్నతనం. వాటిని మన పెద్దలు పెట్టలేదు, తెర పెట్టింది. వారం పగారు మీద బతికే ఇంటికి ఆ ఖర్చు అప్పై కూర్చుంటోంది. అదే తెర మంచి కూడా చేసింది. బతుకమ్మ 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగ అయ్యాక, టీవీలో తొమ్మిది రోజులూ చూసి, ఆడటం మానేసిన ఇళ్లవాళ్లు కూడా మళ్లీ పూలు పేర్చారు.

మూడవది, మాధ్యమం మనుషుల చేత పని చేయిస్తుంది. దీనికి మంచి ఉదాహరణ నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత కార్యక్రమంలో చదువుకుంటున్న ఆడవాళ్లు తమ వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుడు ఇంటిని ఎలా కూలుస్తుందో, ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు ఎలా మూయించారో ఆ పాఠంలో ఉంది. దాన్ని పాఠంగా వదిలేయకుండా వాళ్లు తమ ఊళ్లో సారాను అడ్డుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు అలాగే రాష్ట్రమంతా తెలిసింది. పత్రికలు ఆ వార్తను ఊరూరికీ తీసుకెళ్లాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమైంది. ఒక పాఠం, దానికి తోడు పత్రికల మద్దతు, అన్నిటికీ మించి ఆడవాళ్ల తెగింపు కలిస్తే ప్రభుత్వం దిగివచ్చింది.

ఇదే బలం చెడుకు కూడా పనిచేస్తుంది. దాని గురించి భివండివాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

డబ్బు ఎవరు పెడుతున్నారు?

ఇక్కడ ఒక చిన్న లెక్క. పేపరు అచ్చు వేయడానికి అయ్యే ఖర్చు మనమిచ్చే వెలతో తీరదు. మిగతాది ప్రకటనలవాళ్లు ఇస్తారు. టీవీకి కూడా అంతే. ఎంతమంది చూశారన్న లెక్కను బట్టి ప్రకటన ధర ఉంటుంది. ఫోనులోని యాప్‌లకైతే మనం ఏమీ ఇవ్వం. మనం ఎంతసేపు తెర చూస్తే వాళ్లకు అంత ఆదాయం. అందుకే కోపం తెప్పించేది, భయపెట్టేది, ఏడిపించేది ముందుకు వస్తుంది. "నీళ్ల పైపు బాగుచేశారు" అన్న వార్తను ఎవరూ పదిమందికి పంపరు. "పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా దిగింది" అన్నదాన్ని క్షణంలో పంపుతారు. బట్ట వ్యాపారంలో ఉన్న మనకు ఇది తెలియంది కాదు. ఏ రకానికి గిరాకీ ఉందో ఆ రకమే సాంచా మీదికి ఎక్కుతుంది.

పుకారు, మన ఊరు

1970 మేలో, మళ్లీ 1984 మేలో భివండి తగలబడింది. మొదటి అల్లర్ల మీద జస్టిస్ మాడన్ కమిషన్ విచారణ జరిపింది. కారణాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇక్కడ వెళ్లం. ఆ రోజులు చూసినవాళ్లు ఒక మాట చెబుతారు. ఫలానా చోట ఇంతమందిని చంపారట అన్న మాట వీధి వీధికీ పెరుగుతూ వెళ్లింది. అది నిజమో కాదో అడిగి తెలుసుకోవడానికి రెండో వీధిలో నమ్మదగిన మనిషి లేడు.

1992 డిసెంబరు, 1993 జనవరిలో ముంబై మండిపోతుంటే ఇదే భివండి నిలకడగా ఉంది. అంతకు ముందు ఇక్కడ డీసీపీగా పనిచేసిన సురేశ్ ఖోపడేగారు వాడవాడకీ మొహల్లా కమిటీలు పెట్టించారు. హిందువులు, ముస్లిములు ఒకే కమిటీలో కూర్చుని, పోలీసుల సమక్షంలో చిన్న తగాదాలు తీర్చుకునేవారు. ముఖపరిచయం ఏర్పడింది. పుకారు వచ్చినప్పుడు "ఉండు, అతన్ని అడుగుదాం" అనుకోవడానికి ఒక మనిషి దొరికాడు. ఊరిని కాపాడింది పెద్ద యంత్రమేమీ కాదు. అడగడానికి ఒక మనిషి, అడిగేదాకా ఆగే ఓర్పు, అంతే.

మేము చేసిన తప్పు

ఇప్పుడు 2018 సంగతి. మేము గుమాస్తా ఉద్యోగంలో ముప్పై ఏళ్లు గడిపాం. ఇన్‌వార్డు నంబరు, తేదీ, పంపినవారి పేరు లేని కాగితాన్ని ఒక్క రోజు కూడా పై అధికారి బల్ల మీద పెట్టలేదు. అలాంటి మేము ఆ వేసవిలో ఒక రాత్రి ఒక వీడియో చూశాం. మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్నారు. కింద, ముఠా మన జిల్లాలో దిగిందని హిందీలో రాసి ఉంది. మనవలు గుర్తొచ్చారు. భయం వేసింది. ఏమీ అడగకుండా, "తల్లిదండ్రులు జాగ్రత్త" అని మా మాట కూడా చేర్చి సంఘం గ్రూపులో పెట్టాం. కార్యదర్శి పెట్టాడు కాబట్టి నిజమే అనుకుని మీరు ఇంకో పది గ్రూపులకు పంపారు.

మూడో రోజు సాయంత్రం మన గల్లీల్లోనే ఒక నడివయసు ఆడమనిషి చేతిలో సంచితో తిరుగుతూ, ఆడుకుంటున్న పాపను పిలిచి ఇంటి నంబరు అడిగింది. పాప బెదిరి ఏడ్చింది. నిమిషంలో జనం మూగారు. సంచి లాగారు, జుట్టు పట్టారు, రెండు దెబ్బలు పడ్డాయి. ఆమె బిత్తరపోయి మాట రాక నిలబడింది. గడప మీద కూర్చున్న ఒక అవ్వ లేచి వచ్చి, "ఆగుండ్రా! ఏ ఊరు బిడ్డా నీది?" అని అడిగింది. ఆమె ఏడుస్తూ నల్లగొండ దిక్కు ఊరి పేరు చెప్పింది. చెల్లెలి ప్రసవానికని వచ్చి, గల్లీ తప్పి, ఇల్లు వెతుక్కుంటోంది. మనింటి ఆడబిడ్డే. గాజులు పగిలి మణికట్టు దగ్గర రక్తం కారుతోంది.

మర్నాడు మేము ఆ ఇంటికి వెళ్లి చేతులు జోడించాం. ఆమె తిట్టలేదు. "అవ్వ అడిగినట్టు ఒక్కరన్నా ముందే అడిగితే బాగుండు కదా సారూ" అంది. ఆ మాట ఇప్పటికీ మా చెవిలో ఉంది.

ఆ వీడియో అసలు ఏమిటో తరువాత పత్రికల్లో చదివాం. కరాచీలో పిల్లల భద్రత మీద అవగాహన కోసం తీసిన ప్రచార చిత్రం అది. చివర ఆ మోటారుసైకిలువాళ్లు పిల్లవాణ్ణి తిరిగి దింపేసి, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించేశారు. కత్తిరించిన ముక్కతో దేశమంతా భయం పాకింది. 2018 జులై 1న ధూళే జిల్లా రాయిన్‌పాడాలో సంచార జాతివారు ఐదుగురిని, పిల్లల్ని ఎత్తుకెళ్లేవారన్న అనుమానంతో జనం కొట్టి చంపారు. భిక్షకు వచ్చినవాళ్లు వాళ్లు. అక్కడ అడిగే అవ్వ మాట నెగ్గలేదు. మన గల్లీలో నెగ్గింది. మనకూ వాళ్లకూ ఉన్న తేడా అంతే.

అదే సంవత్సరం తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఇదే పుకారు లేచినప్పుడు అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరిగారు పోలీసులను ఊళ్లకు పంపారు. డప్పు కొట్టించి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి, వచ్చినదల్లా నమ్మవద్దని చెప్పించారు. కొత్త మాధ్యమం పెట్టిన మంటను పాత మాధ్యమం ఆర్పిందన్నమాట. వాట్సాప్ సంస్థ కూడా ఆ జులైలోనే, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా మనదేశంలో కట్టడి పెట్టింది.

గ్రూపు మంచి చేయలేదా?

చేసింది, చాలా చేసింది. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయి పగారు లేని ఇళ్లకు బియ్యం చేర్చింది ఈ గ్రూపే. ఏ ఇంట్లో మందులు అయిపోయాయో తెలిసింది దీనివల్లే. కాని ఆ రోజుల్లోనే ఏప్రిల్ 14న రైళ్లు నడుస్తాయన్న మాట నమ్మి బాంద్రా స్టేషన్ దగ్గర వేలమంది గుమిగూడారు. రైలు లేదు, లాఠీలు ఉన్నాయి. మన గ్రూపులో బియ్యం గురించి వచ్చిన ప్రతి సందేశం కింద ఒక పేరు, ఒక ఫోను నంబరు ఉన్నాయి. బాంద్రాకు నడిపించిన మాట కింద ఎవరి పేరూ లేదు. పెద్దాయన అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇదే. మంచి మాట తప్పక చెప్పండి, మీ పేరుతో చెప్పండి.

ఇక మనం చేయవలసింది

ఫోనులో ఏదైనా రాగానే గుమాస్తా కాగితాన్ని చూసినట్టు చూడండి. ఎవరు పంపారు? ఏ తేదీది? ఎక్కడిది? ఇదే సంగతి రెండు పేరున్న పత్రికల్లో వచ్చిందా? దీన్ని నమ్మితే ఎవరికి లాభం, ఎవరికి దెబ్బ? ఈ ఐదింటికీ జవాబు దొరికేదాకా అది ఇన్‌వార్డు కాని కాగితమే. ముందుకు పంపవద్దు.

రేషను, అప్పు, బహుమతి అంటూ వచ్చే లింకులను ముట్టుకోవద్దు. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంట్లో రోజుకు ఒక మరాఠీ పత్రికనో, వార్తలనో తప్పక చూడండి. మనం బతుకుతున్నది ఇక్కడ. తెలుగు భాష మనసుకు, మరాఠీ వార్త గడపకు. రెండూ కావాలి.

పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పండి. టీవీ వల్ల మాట నిలిచింది కాని అక్షరం జారిపోతోంది. మాటలో ఆడించేవాణ్ణి అక్షరం వచ్చినవాడు పట్టుకోగలడు. రాజ్యాంగం 350-ఏ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయమంటోంది. అడిగేవాళ్లు లేకపోతే ఆ అధికరణం పుస్తకంలోనే ఉంటుంది.

చివరిది, మన వార్త మనం చెప్పుకోవాలి. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. పేద దళిత ఆడవాళ్లు తమ విత్తనాల గురించి, తమ పాటల గురించి తమ యాసలో తామే చెప్పుకున్నారు. వాళ్లకు చేతనైనది మనకు చేతకాదా? ఈ వార్తా వేదికకు మీ గల్లీ సంగతి రాయండి. నీళ్లు, బడి, కూలేటట్టున్న ఇల్లు, సాంచాల మీద పడిన కొత్త భారం, ఏదైనా సరే. భాష దిద్దడం మా పని. నిజం చూసి రాయడం మీ పని.

వచ్చే ఆదివారం సాయంత్రం సంఘం కార్యాలయంలో ఈ తీర్మానం మీదనే చర్చ పెట్టాం. నొచ్చుకున్న పెద్దలు ముందుగా రావాలని మనవి. తీర్మానంలో మార్చవలసింది ఉంటే మార్చుదాం. ఆ రోజు గల్లీలో లేచి నిలబడిన అవ్వను కూడా పిలిచాం. ఆమెకు ఫోను లేదు, చదువు రాదు. కాని మనందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అడిగింది ఆమే.

ఇట్లు
కార్యదర్శి, కార్యవర్గం తరఫున